బ్రేకు ఎటు పక్క ఉంది?

మా నాన్న అమెరికా వచ్చి అప్పటికి మూడు వారాలు. నయాగరా చూపించాను, మాల్ చూపించాను, గుడికి తీసుకెళ్ళాను. అన్నిటికీ "బాగుందిరా" అన్నాడు, అంతే. మిగతా టైమంతా ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని, కింద లాన్ కోసే మెషీన్ వంక చూస్తూ ఉండేవాడు. "ఇంత గడ్డి కోసి ఒక్క గొడ్డుకీ వెయ్యరేందిరా?" అన్నదొక్కటే ఆయన గట్టిగా అడిగిన ప్రశ్న.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న ఇరవై అయిదేళ్ళకు పైగా మాసీ ఫెర్గూసన్ 1035 తోలాడు. మోకాళ్ళు సహకరించక పొలం కౌలుకిచ్చాక, నాలుగేళ్ళ క్రితం ఆ బండి అమ్మేశాం. అమ్మేయమని ఫోన్లో చెప్పింది నేనే. "పాత ఇనుము, ఇంకా దేనికి నాన్నా" అన్నాను. రేటెంత వచ్చిందని అడిగాను, డబ్బు పడిందా అని అడిగాను. అంతకు మించి ఆ బండి గురించి ఏమీ అడగలేదు.

అలాంటి నాకు ఒక శుక్రవారం రాత్రి వాట్సాప్‌లో ట్రాక్టర్ ఫొటో వచ్చింది. పంపింది మా ఆఫీసులో సీనియర్, నల్లగొండ అన్న. ఆయన ఈ మధ్యే యాన్ ఆర్బర్ దాటాక చెల్సీ అనే ఊరి దగ్గర అయిదెకరాలు కొన్నాడు. గోంగూర, దోస, మిర్చి వెయ్యాలని ప్లాన్. ఫొటో కింద మెసేజ్: "తమ్మీ, గిది ఫోర్డ్ 8ఎన్ అంట. 1949ది. 2,200 డాలర్లు చెప్తున్నరు. రేపు పోయి చూద్దాం. బాబాయిని గూడ తీస్కరా."

8ఎన్ అయితేనే కొనమని ఆయన పక్క పొలం వాళ్ళు చెప్పారట. దానికి ముందొచ్చిన 9ఎన్, 2ఎన్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయని, మోసపోవద్దని కూడా చెప్పారట.

స్పెక్ షీట్ కనిపిస్తే నిద్ర మానేసే రకం నేను. తెల్లవారేసరికి ఫోన్ నోట్స్‌లో ఏడు పాయింట్లు రాసుకున్నాను.

పొద్దున డియర్‌బోర్న్‌లో

చెల్సీలో మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు. పొద్దునంతా ఖాళీ కాబట్టి నాన్నను డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ జనమంతా రెండు చోట్ల గుమిగూడతారు. ఒకటి కెనెడీ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన కూర్చున్న కారు. రెండోది 1955లో రోసా పార్క్స్ సీటివ్వనని కూర్చున్న బస్సు. నాన్న ఆ బస్సెక్కి ఒక నిమిషం కూర్చున్నాడు. దిగాక, "ట్రాక్టర్లెటు?" అన్నాడు.

వ్యవసాయ విభాగంలో ఆయన నడక మారిపోయింది. బాల్కనీలో చూసిన మనిషి కాదు. ప్రతి బండి వెనక్కీ వెళ్ళి వంగి చూస్తున్నాడు. నేనేమో ముందు నిలబడి ఫొటోలు తీస్తున్నాను. "ముందు ఏముంటదిరా, రేకు. పనంతా వెనకే" అన్నాడు.

ఆయన అన్నది చరిత్ర ప్రకారం కూడా నిజమే. హెన్రీ ఫోర్డ్ 1917లోనే ఫోర్డ్‌సన్ అనే ట్రాక్టర్ అమ్మాడు. అప్పట్లో నాగలిని బండి వెనక తగిలించి లాక్కెళ్ళడమే. నాగలి ఏ రాయికో, మొద్దుకో తగిలి ఆగిపోతే చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉండేవి. దాంతో బండి ముందు భాగం గాల్లోకి లేచి, వెనక్కి తిరగబడి తోలేవాడి మీద పడేది. అలా చాలామంది చనిపోయారు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్. కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింకు. నాగలి మూడు చోట్ల బండికి అతుక్కుని, హైడ్రాలిక్‌తో లేస్తుంది, దిగుతుంది. నాగలికి అడ్డం తగిలితే ఆ బలం టాప్ లింకు గుండా ముందుకు తోసి, బండి ముక్కును నేలకే నొక్కి ఉంచుతుంది. బరువు పెరిగితే హైడ్రాలిక్ తనంతట తనే నాగలిని కాస్త పైకి లేపుతుంది. ఈరోజు తెనాలి డెల్టాలో దమ్ము చేసే ట్రాక్టర్ వెనకా, పంజాబ్‌లో గోధుమ పొలం దున్నే ట్రాక్టర్ వెనకా ఉండే లింకేజీ అదే.

1938 అక్టోబర్‌లో ఫెర్గూసన్ తన బండిని ఇదే డియర్‌బోర్న్‌కు తెచ్చి, హెన్రీ ఫోర్డ్ ఇల్లు ఫెయిర్ లేన్ దగ్గర పొలంలో దున్ని చూపించాడు. ఫోర్డ్‌కు నచ్చింది. తయారీ నీది, డిజైనూ అమ్మకాలూ నావి అనుకుని చేతులు కలిపారు. కాగితం లేదు, సంతకం లేదు. మరుసటి ఏడాది జూన్‌లో 9ఎన్ బయటికొచ్చింది. ధర 585 డాలర్లు.

మ్యూజియం నుంచి ఫెయిర్ లేన్ దగ్గరే. రూజ్ నది ఒడ్డున ఆ ఇంటి చుట్టూ ఉన్న తోటలో కాసేపు నడిచాం. ఈ కథ చెప్తే నాన్న నవ్వాడు. "నోటి మాట మీద కౌలు మనూళ్ళోనూ ఇస్తారు. మనుషులున్నంత కాలం బానే ఉంటది. పిల్లల చేతికొచ్చాక చూడాలి" అన్నాడు.

సరిగ్గా అదే జరిగింది. పగ్గాలు మనవడు హెన్రీ ఫోర్డ్ 2 చేతికొచ్చాక ఒప్పందం రద్దయింది. 1947లో ఫోర్డ్ కంపెనీ ఫెర్గూసన్ లేకుండానే 8ఎన్ తెచ్చింది, హైడ్రాలిక్ మాత్రం అదే. ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది.

"మరి మన మాసీలో ఫెర్గూసన్ ఈయనేనా?" అని అడిగాడు నాన్న. ఆయనే. ఫోర్డ్‌తో తెగాక కోవెంట్రీలో తయారైన టీఈ20 అనే బూడిద రంగు బండి మీద దృష్టి పెట్టాడు. ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరింది ఆ బండ్ల మీదే. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసీ హ్యారిస్‌తో కలిసింది, ఆ పేరే తర్వాత మాసీ ఫెర్గూసన్ అయింది. 1960లో చెన్నైలో టాఫే మొదలై ఆ ట్రాక్టర్లను మన దేశంలో చేసింది. మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడ్డ ఎర్ర బండికి తాతల ఇల్లు ఇక్కడుందన్నమాట.

మూడు బండ్లు, ఒకే ముఖం

చెల్సీ వెళ్ళే దారిలో నా ఏడు పాయింట్లు నాన్నకు చదివి వినిపించాను. మీరూ ఎక్కడైనా పాత ఫోర్డ్ చూస్తే పనికొస్తాయి.

ముందు పేర్లు. 9ఎన్‌లో 9 అంటే 1939. 2ఎన్‌లో 2 అంటే 1942. 8ఎన్‌లో 8 అంటే 1948, అయితే అది అమ్మకానికొచ్చింది 1947 జులైలోనే. అంకెల వరస చూసి 2 ముందు, 9 చివర అనుకుంటే తప్పే.

9ఎన్, 2ఎన్ రెండూ తల నుంచి కాలి దాకా ముదురు బూడిద రంగు. 2ఎన్ యుద్ధకాలపు బండి. రబ్బరు, రాగి కరువు కాబట్టి మొదట్లో కొన్ని ఇనుప చక్రాలతో, బ్యాటరీ లేకుండా వచ్చాయి. యుద్ధం అయ్యాక వాటికీ టైర్లు, బ్యాటరీ తగిలించేశారు. కాబట్టి ఈ రెంటినీ విడదీయడం కష్టం. పైగా 2ఎన్ ఇంజను నంబర్లు కూడా 9ఎన్ అనే మొదలవుతాయి.

8ఎన్ రంగే వేరు. పైన రేకు లేత బూడిద, కింద ఇనుమంతా ఎరుపు. అందుకే దాన్ని ఇక్కడివాళ్ళు ఎర్ర పొట్ట బండి అంటారు. మడ్‌గార్డుల మీద, బానెట్ పక్కల ఫోర్డ్ అనే అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. కాళ్ళు పెట్టుకోడానికి ఫుట్‌బోర్డులు ఉంటాయి. పాత రెంటి ముందు ఫోర్డ్ బ్యాడ్జి కింద ఫెర్గూసన్ సిస్టమ్ అనే చిన్న పలక ఉంటుంది. 8ఎన్‌కు ఉండదు, ఎందుకో పైన చదివారుగా.

గేర్లు పాత రెంటికీ మూడు, 8ఎన్‌కు నాలుగు. బ్రేకు పెడళ్ళు పాత వాటికి చెరో పక్క ఒకటి, 8ఎన్‌కు రెండూ కుడి పక్కే. ఇక ఇంజను నంబరు ఎడమ పక్క, ఆయిల్ ఫిల్టర్ వెనక కొట్టి ఉంటుంది.

"నంబరు చూస్తే చాలు నాన్నా, మిగతావన్నీ అదనం" అన్నాను. మన ఉద్యోగంలో ఐడీ సరిపోతే ఇంకేం చూస్తాం? నాన్న కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తున్నాడు. "ఊఁ" అన్నాడు.

షెడ్డులో

బండి అమ్ముతున్నది డెబ్బై దాటిన పెద్దావిడ. భర్త పోయి రెండేళ్ళయిందట. షెడ్డు తలుపు తెరిచి, "మా ఆయన దీన్ని 8ఎన్ అనే పిలిచేవాడు" అంది.

బండి నిగనిగలాడుతోంది. ఎర్ర పొట్ట, లేత బూడిద బానెట్, దాని మీద ఫోర్డ్ అక్షరాలు, కింద ఫుట్‌బోర్డులు. నేను ఫోన్ టార్చి వేసి ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. గ్రీజు తుడిస్తే నంబరు కనిపించింది. ముందొక నక్షత్రం గుర్తు, తర్వాత 8ఎన్.

"అన్నా, కన్ఫర్మ్" అన్నాను.

"మస్తుగుంది తమ్మీ. ఇచ్చేద్దామా పైసలు?" అని అన్న ఫోన్ తీశాడు.

నాన్న అప్పటికే బండెక్కి కూర్చున్నాడు. ఆవిడను అడగలేదు కానీ ఆవిడ నవ్వుతూ తలూపింది. ఆయన కుడికాలు కింద వెతుక్కుంటోంది. ఒకసారి తొక్కాడు, పక్కన తడిమాడు. తర్వాత ఎడమ పక్కకు వంగి క్లచ్చి వంక చూశాడు.

"అబ్బాయ్, నువ్వు దార్లో చెప్పిందేంది? బ్రేకులు రెండూ కుడి పక్కే ఉంటయ్యన్నావుగా?"

"అవును."

"ఇక్కడ ఒకటే ఉంది. రెండోది క్లచ్చి పక్కనుంది చూడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నాన్న గేర్ రాడ్డు పట్టుకుని మెల్లగా కదిపాడు. ఒకటి, రెండు, మూడు, రివర్సు. నాలుగోది ఎక్కడా తగల్లేదు. దిగి, గేర్‌బాక్సు కలిసే చోట వేలితో గీకాడు. ఎర్ర పెయింటు పెచ్చు లేచి కింద ముదురు బూడిద రంగు బయటపడింది.

"ఇంజను మార్చారేమో అడగరా" అన్నాడు.

అడిగాను. ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. ఒక చలికాలం నీళ్ళు గడ్డకట్టి ఇంజను బ్లాకు పగిలిందట. పక్క ఊళ్ళో పాడుబడ్డ బండి ఇంజను తెచ్చి వాళ్ళాయన బిగించాడట. బానెట్ కొత్తది కొన్నాడు, ఫుట్‌బోర్డులు తర్వాత పెట్టాడు. రంగైతే మనవరాలు పుట్టిన ఏడు ఇద్దరూ కలిసి వేశారట. "అది 8ఎన్ ఇంజనే కదా, అందుకే అలా పిలిచేవాడు" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. ఈ మూడు మోడళ్ళ ఇంజన్లూ ఒకదానికొకటి అమరిపోతాయి, అంతే.

నా ఏడు పాయింట్లూ తప్పు కాదు. వరసే తప్పు. రంగు ఒక మధ్యాహ్నంలో మారుతుంది. బానెట్, మడ్‌గార్డు, ఫుట్‌బోర్డు ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. నంబరు ఇంజనుతో పాటు వెళ్ళిపోతుంది. బ్రేకులు, గేర్లు వెనక ఇనుములో ఉంటాయి, వాటినెవరూ ముచ్చటకు మార్చరు. కాబట్టి కింది నుంచి, వెనక నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. నేను పై నుంచి మొదలుపెట్టాను.

ఇంతకీ అది 9ఎన్నా, 2ఎన్నా? అసలు ఇంజను పోయింది, దాంతో నంబరూ పోయింది. అది తేలలేదు.

చెరువు గట్టు

"ఏదైతేంది బాబాయ్, నడుస్తున్నది గదా" అన్నాడు అన్న. నిజమే, తాళం తిప్పగానే స్టార్టయింది. పొగ కూడా పెద్దగా లేదు.

"ఏం పనికి బాబూ?" అడిగాడు నాన్న.

"గడ్డి కొయ్యాలె. వెనక రోటరీ కట్టర్ పెట్టి. చెరువు దిక్కు అంతా నడుమెత్తు పెరిగింది." ఫోన్లో ఫొటో చూపించాడు. గట్టు చెరువులోకి బాగా వాలుగా దిగుతోంది.

నాన్న ఆ ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. "క్లచ్చి తొక్కితే వెనక పీటీవో ఆగుద్దా ఈ బండికి?"

ఆగుతుంది. అసలు సమస్య అక్కడే. పీటీవో గేర్‌బాక్సుతో కలిసే ఉంటుంది. క్లచ్చి తొక్కితే ఇంజను విడిపోతుంది కానీ, వెనక బరువైన కట్టర్ బ్లేడు ఆ ఊపులో తిరుగుతూనే ఉంటుంది. ఆ ఊపు పీటీవో గుండా గేర్‌బాక్సులోకి, అక్కడి నుంచి చక్రాలకు వస్తుంది. మీరు క్లచ్చి తొక్కి ఆగిందనుకుంటారు, బండి మాత్రం ముందుకు తోసుకుంటూ పోతుంది. 8ఎన్‌లోనూ ఇంతే. దీనికి ఓవర్‌రన్ కప్లర్ అనే చిన్న పరికరం ఉంది. సైకిల్ ఫ్రీవీల్ లాంటిది. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది కానీ పెడల్‌ను తిప్పదు కదా, అలా.

నాన్న మళ్ళీ సీటెక్కాడు. "ఇప్పుడు చూడండి. బండి తోసుకుంటా పోతా ఉంది. ఎడమకాలు క్లచ్చి మీదుంది. ఎడమ బ్రేకు తొక్కాలంటే ఆ కాలే తియ్యాలి. తీస్తే క్లచ్చి వదిలినట్టే. తియ్యకపోతే కుడి బ్రేకొక్కటే పడుద్ది, బండి కుడికి తిరుగుద్ది. చెరువు కుడి పక్కనుంటే?"

ఎవరూ మాట్లాడలేదు. 8ఎన్‌లో రెండు బ్రేకులూ కుడికాలి కిందకు ఎందుకు తెచ్చారో నాకు అప్పుడు తెలిసింది. రాత్రి నేను నోట్స్‌లో "తేడా నంబర్ 5" అని రాసుకుంది ఒక మనిషి ఎడమకాలి సమస్య. ఆ తేడా కోసం ఎంతమంది గట్టు మీద భయపడి ఉంటారో స్పెక్ షీట్లో ఉండదు.

అన్న చివరికి ఆ బండే కొన్నాడు. ఆవిడే 1,700కు తగ్గించింది. చదును నేలలో తోట దున్నడానికి, కట్టెలు లాగడానికి అది బంగారం లాంటి బండి. కప్లర్ ఆ రాత్రే ఆర్డర్ పెట్టాడు. గట్టు మీద గడ్డి మాత్రం చేతి మెషీన్‌తో కోయించుకుంటానని నాన్నకు మాటిచ్చాడు. వచ్చేటప్పుడు ఆవిడ సీటు మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడింది. "మీ నాన్నగారు దీన్ని సరిగ్గా చూశారు" అని నాతో అంది. నేను తెలుగులో చెప్తే నాన్న చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

తిరుగు దారిలో

ఫోర్డ్ ఏ మోడల్ ఏ సంవత్సరం వచ్చిందో ఒక్క రాత్రిలో బట్టీ పట్టాను. కారులో కూర్చున్నాక ఒక విషయం గుర్తొచ్చి సిగ్గేసింది.

"నాన్నా, మన మాసీ ఏ సంవత్సరంది?"

"తొంభై నాలుగు. నువ్వింకా పుట్టలా." కాసేపాగి తనే చెప్పాడు. కొన్నరోజు తెనాలి నుంచి ఇంటిదాకా తనే తోలుకొచ్చాడట. నానమ్మ ఎదురొచ్చి గుమ్మడికాయ కొట్టిందట. మొదటి దమ్ముకే కేజీ వీల్స్ దిగబడిపోతే సగం ఊరొచ్చి లాగిందట. నా చిన్నప్పుడు నేను కుడి బ్రేకు పెడల్ మీద కాలేసి ఎక్కేవాణ్ణట, వద్దంటే వినేవాణ్ణి కాదట. నలభై నిమిషాల దారిలో ఆయన అంతసేపు మాట్లాడటం ఈ మూడు వారాల్లో అదే మొదటిసారి.

"ఇప్పుడెవరి దగ్గరుందో తెలుసా?"

"తెలుసు. ఇక్కడికొచ్చే ముందు పొన్నూరు రోడ్డులో కనపడింది. నీలం రంగు ఏయించాడు, బానెట్ కూడా మార్చాడు."

"మరి మనదేనని ఎట్టా తెలిసింది?"

నాన్న నా వంక వింతగా చూశాడు. "ఆపించి పెడల్ చూశా. నువ్వెక్కి ఎక్కి అరగ్గొట్టిన మూల అట్టానే ఉంది."